మూతి మార్చమన్న దెయ్యం

భావనపాడు రేవుకి పోయే దారిలో, జీడితోటలు అయిపోయి ఉప్పుగాలి మొదలయ్యే చోట, మూతబడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. చీకటి పడ్డాక ఆ దారిన ఎవరూ పోరు. పోయినవాడు తిరిగిరాడంటారు. అలా తిరిగిరాని వాళ్లెవరో పేర్లు చెప్పమంటే మాత్రం ఒక్కటీ గుర్తురాదు.

అక్కడున్నది ఏ దెయ్యమో కూడా ఇంతవరకూ తేలలేదు. రేవులో వాళ్లని అడిగితే, ఐసు దిమ్మల మధ్య గడ్డకట్టి చచ్చిపోయిన కూలివాడంటారు. ఆటోవాళ్లని అడిగితే, గ్యాసు పీల్చి పోయిన వాచ్‌మన్ అంటారు. టెక్కలి బస్టాండు దగ్గర టీ కొట్టతను ఇంకా గొప్పవాడు, తెల్లదొరసాని అంటాడు. ఆ ఫ్యాక్టరీ కట్టింది దొరలు పోయిన పాతికేళ్లకి. అయితేనేం, దెయ్యానికీ కాస్త హోదా ఉండొద్దూ?

ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. పొద్దుగూకాక లోపలినుంచి ఒక గొంతు వస్తుంది. ఏడుపు కాదు, పాట కాదు... ఊఁ— అని సాగే ఒక మూలుగు. విన్నవాడికి మూడు రోజులు జ్వరం ఖాయం.

"దేవుని బిడ్డలకి దెయ్యాల భయమేమిటి?" అని పాస్టరుగారు ప్రతి ఆదివారం గట్టిగా అడుగుతారు. సాయంత్రం కూటానికి రేవు వైపు వెళ్లవలసి వస్తే ఆయన మూడు కిలోమీటర్లు చుట్టుతిరిగి వేరే దారిన వెళతారు. ఆ దారిలో గుంతలు తక్కువట.

అలాంటి చోటికి సైమన్ తనంతట తానే వెళ్లాడు. అదీ చీకటి పడ్డాక... అదీ ఒంటరిగా.

సైమన్‌కి టెక్కలిలో పంచర్ల షాపు ఉంది. పగలంతా టైర్లలో గాలి కొడతాడు, సాయంత్రమైతే సాక్సాఫోనులో గాలి ఊదుతాడు. ఇరవై రెండేళ్లుగా చర్చి బ్యాండులో సాక్సు అతనిదే. పెళ్లయినా, చావయినా, క్రిస్మసు ఊరేగింపయినా, ముందు సైమన్ ఊదితేనే వెనకవాళ్లు అడుగు వేసేది. మీరట్‌లో చేసిన అతని సాక్సు చూపుకి తళతళ, చెవికి రేకు డబ్బా. కానీ శృతికి వంక పెట్టినవాడు లేడు.

బుద్ధిగా అదే వాయించుకుంటే పోయేది. పోయిన చలికాలం ఇచ్ఛాపురంలో ఒక పెళ్లికి వెళ్లాడు. బరంపురం నుంచి వచ్చిన ముసలి బ్యాండు మేస్త్రీ ఒకాయన చేతిలో పాత సాక్సు కనబడింది. తొంభై, వందేళ్ల నాటిది. వెండిపూత నల్లబడింది. చెక్కిన పువ్వులు అరిగిపోయాయి. ముసలాయన కింది స్వరం ఒక్కటి పట్టాడు...

పండిన పనసకాయ కోస్తే వాసన ఇల్లంతా ఎలా నిండుతుందో, ఆ గొంతు పందిరంతా అలా నిండింది.

సైమన్ అక్కడికక్కడే తన సాక్సు ఆయన చేతిలో పెట్టి, ఆయనది పుచ్చుకున్నాడు. తళతళలాడే కొత్తది చూసి ముసలాయనా మురిసిపోయాడు. నోట్లో పెట్టుకుని ఊదే మౌత్‌పీసు మాత్రం ఎవరిది వాళ్లే ఉంచుకున్నారు. ఇంకొకరి ఎంగిలి మనకెందుకని.

ఇంటికొచ్చి ఊదాక తెలిసింది అసలు సంగతి. కింది స్వరాలు తేనె. పై స్వరాలు పచ్చి జీడిపిక్క, తగిలినచోటల్లా బొబ్బ. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ శృతి ఇంకాస్త పైకి తన్నుకుపోతుంది. సైమన్ పెదవి వదులు చేశాడు, బిగించాడు, మెడ వంచాడు, ఉపవాస ప్రార్థన కూడా చేశాడు. లాభం లేకపోయింది.

పక్కింటివాళ్లు మొదట కిటికీలు మూశారు. తరవాత చర్చి ప్రార్థన మనవుల్లో సైమన్ పేరు రాయించారు.

బ్యాండులో కీబోర్డు వాయించేది క్రాంతికుమార్. సైమన్‌కి మేనల్లుడి వరస. ఇరవై ఎనిమిదేళ్లకే బ్యాండు పెత్తనం వచ్చింది. అతనికి చెవులు రెండున్నా, నమ్మకం మాత్రం ఫోను మీదే. శృతి సరిగ్గా ఉంటే ఫోనులో సూది నిటారుగా నిలబడుతుంది, తప్పితే పక్కకి వాలుతుంది.

"సూడు మావా. సూది ఎక్కడికి ఎల్లిపోనాదో సూడు."

"సూదితో కాదురా, సెవితో ఇను."

"సెవితో ఇన్నాను కాబట్టే సూది సూపిత్తన్నాను."

ఈస్టరు దగ్గరపడింది. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో మొదటి కీర్తన సాక్సు ఒక్కటే ఎత్తుకోవాలి. ఇరవై రెండేళ్లుగా ఎత్తుకున్నది సైమనే. క్రాంతికుమార్ గొంతు తగ్గించి, మర్యాదగానే చెప్పాడు.

"శనివారం రిహార్సలు కాడికి సుతి కుదిరిందా, సరే. లేపోతే ఇశాపట్నం నుంచి ఒకాయన్ని పిలిపిత్తాను. నువ్వు... గిలకలు వాయించు మావా."

గిలకలు! సండే స్కూలు పిల్లలు వాయించే గిలకలు!

ఆ రాత్రి సైమన్‌కి అన్నం దిగలేదు. "ఇంట్లో ఊదితే పీక నులిమేత్తాను. నీదో, దానిదో నాకు తెలీదు" అని భార్య గ్లోరీ ముందే చెప్పేసింది. ఇక మనుషుల్లేని చోటు వెతుక్కోవాలి. మనుషుల్లేని చోటు ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది.

దెయ్యాలుంటే ఉన్నాయి, దెయ్యాలకి శృతి తెలుస్తుందా ఏం? అనుకున్నాడు సైమన్.

ఈస్టరుకి ముందు గురువారం. రాత్రి ఏడున్నర దాటింది. సైమన్ టీవీఎస్ బండి ఫ్యాక్టరీ గేటు బయట ఆపి, సాక్సు చంకన పెట్టుకుని లోపలికి నడిచాడు.

తిత్లీ తుఫాను ఆ కప్పులో సగం ఎత్తుకుపోయింది. మిగిలిన సగం కింద తుప్పుపట్టిన గొట్టాలు, ఎండిపోయిన నీళ్ల తొట్లు. ఆ చివర, ఐసు దాచే చీకటి గది. దాని తలుపు ఓరగా తెరిచి ఉంది.

గాలి లేదు. జీడాకు కూడా కదలడం లేదు.

సైమన్ కింది 'సా' పట్టాడు. ఆ గోడలు దాన్ని తీసుకుని, గుండ్రంగా తిప్పి, మెల్లగా తిరిగిచ్చాయి. సైమన్‌కి కళ్లు చెమర్చాయి. ఇంతమంచి చోటుని దెయ్యాలకి వదిలేశారేమిటిరా దేవుడా, అనుకున్నాడు.

ధైర్యమొచ్చి పైకి ఎక్కాడు. రి... గ... మ... పై 'సా' పట్టాడు. యథాప్రకారం, పచ్చి జీడిపిక్క.

ఆపాడు.

చీకటి గదిలోంచి అదే స్వరం వచ్చింది.

ప్రతిధ్వని, అనుకున్నాడు. మళ్లీ పట్టాడు. మళ్లీ ఆపాడు. మళ్లీ వచ్చింది...

అప్పుడు అతనికి వెన్నులోంచి చలి మొదలైంది. ప్రతిధ్వని అయితే తను ఎలా ఊదాడో అలాగే రావాలి. ఇది అలా రాలేదు. ఇది కొంచెం కిందికి వచ్చింది. సరిగ్గా ఎంత దిగాలో అంతే దిగి వచ్చింది.

అంటే... లోపలున్నదెవరో అతని తప్పు దిద్దుతున్నారు!

సైమన్ మెడ తిప్పకుండా, కళ్లు మాత్రం తిప్పి చూశాడు. ఓరతలుపు వెనక, నేలకి బెత్తెడు ఎత్తులో, ఎర్రటి కన్ను. ఒక్కటే కన్ను. రెప్ప వేయడం లేదు.

అప్పుడు వచ్చింది మాట. బొంగురుగా, గుసగుసగా—

"మూతి మార్చు..."

సైమన్ చెయ్యి తనంతట తనే దవడ మీదికి వెళ్లింది.

"నీ మూతి మార్చాలి... ఇలా రా... నేను మారుస్తాను..."

తరవాత జరిగింది సైమన్ చెప్పలేడు. సాక్సు నేలమీద పడిన చప్పుడు గుర్తుంది. బండి మూడో తన్నుకి స్టార్టయిందని గుర్తుంది. టెక్కలి దాకా లైటు వేయలేదని ఇంటికొచ్చాక తెలిసింది. ఇల్లు చేరగానే అద్దం ముందు నిలబడి, మూతి ఉన్నచోటే ఉందా లేదా అని పదినిమిషాలు చూసుకున్నాడు.

"ఏటయినాది?" అంది గ్లోరీ.

అంతా చెప్పాడు. గ్లోరీ నోరు తెరుచుకుని విన్నది. చివరికి ఒక్కటే అడిగింది.

"అయితే దెయ్యం కూడా సెప్పీసిందా, సుతి తప్పినావని?"

తెల్లారితే మంచి శుక్రవారం. సైమన్‌కి నిజంగానే ఒళ్లు కాలింది. మూడు రోజులు జ్వరపడే తీరిక లేదు కాబట్టి మధ్యాహ్నానికల్లా తగ్గించుకుని ఆరాధనకి వెళ్లాడు. అయ్యాక క్రాంతికుమార్‌ని పక్కకి పిలిచి, సంగతి చెవిలో ఊదాడు.

"సాక్సు అక్కడే వదిలీసినావా మావా?" క్రాంతికుమార్ ముఖం వెలిగింది. సాక్సు పీడ విరగడైందనుకున్నాడో ఏమో. అంతలోనే గ్లోరీ వచ్చి, "ముగ్గురం ఎల్లి తెచ్చీసుకుందాం, బేగి రండి" అంది. వెలిగిన ముఖం అలాగే ఆరిపోయింది.

ముగ్గురూ ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్లేసరికి పొద్దు వాలిపోయింది. గేటు దగ్గర క్రాంతికుమార్‌కి ఫోను వచ్చింది. మోగకుండానే వచ్చింది. "ముక్యమైన కాలు అత్తా, మీరు నడవండి" అని చెవికి పెట్టుకుని నిలబడిపోయాడు.

గ్లోరీ టార్చి పట్టుకుని ముందు నడిచింది. సైమన్ భార్య వెనక, ఆమె కొంగుకి జానెడు దూరంలో నడిచాడు.

సాక్సు పడినచోట లేదు.

ఎక్కడుందా అని వెతికేలోపే ఆ గొంతు వినబడింది. ఊఁ— అని... చీకటి గదిలోంచి, సన్నగా మొదలై, లావై, మళ్లీ సన్నగిల్లి. తలుపు సందులో అదే ఎర్రటి కన్ను.

"వొలమ్మో..." అన్నాడు సైమన్. అతనికి ప్రార్థనలో ఒక్క ముక్క గుర్తురాలేదు.

గ్లోరీ ముక్కు ఎగబీల్చింది. ఇంకోసారి ఎగబీల్చింది. తిన్నగా వెళ్లి తలుపు తోసి, టార్చి వేసింది.

లోపల ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దాయన. తెల్ల పంచె, నుదుట విభూతి, చేతిలో నల్లటి క్లారినెట్టు. కాళ్ల దగ్గర ఫ్లాస్కు. ఫ్లాస్కు పక్కన, కొస ఎర్రగా మండుతూ... దోమల కాయిల్.

పెద్దాయన వీళ్లకంటే ఎక్కువ అదిరిపోయాడు. లేచి నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగాడు.

"ఎవరు? వేదవతి పంపిందా మిమ్మల్ని?"

వేదవతి ఆయన భార్య. ఆయన పేరు చలపతిరావు, ఆ ఫ్యాక్టరీలోనే ముప్పై ఏళ్లు గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. పౌరోహిత్యం చేసిన వంశం. క్లారినెట్టు నోట్లో పెట్టుకుని ఊదేది కాబట్టి ఎంగిలి వాయిద్యమని, గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదని వేదవతిగారు కాపురానికొచ్చిన కొత్తలోనే తేల్చేసింది. అందుకని ఆయన రోజూ సాయంత్రం ప్రవచనం వినడానికి వెళుతున్నానని చెప్పి, ఇక్కడికి వచ్చి ఊదుకుంటున్నాడు. పద్నాలుగేళ్లుగా! ఇంట్లో ఆయన మహాభక్తుడు, రోడ్డు మీద ఆయన మహాభూతం.

"దెయ్యమని పేరు పడింది కాబట్టి బతికిపోయాను నాయనా. లేకపోతే ఈపాటికి ఎవరో ఒకరు వచ్చి, వేదవతికి చెప్పేసి ఉందురు."

"మరి నా మూతి మారుత్తానన్నారు కదండీ పంతులుగారూ!" అన్నాడు సైమన్, ఇంకా దవడ పట్టుకునే.

"నీ మూతి నాకెందుకయ్యా! దీని మూతి!" చలపతిరావు గూట్లోంచి సాక్సు తీశాడు. దుమ్ము తుడిచి ఉంది. కొసన సైమన్ మౌత్‌పీసు లేదు. దాని బదులు బొద్దుగా, నల్లగా, అరిగిపోయిన వేరే మౌత్‌పీసు ఉంది. "మేం దీన్ని మూతి అనేవాళ్లం. నాకూ ఒక పాత సాక్సు ఉండేది. తుఫానుకి గోడ కూలి నలిగిపోయింది. ఈ మూతి ఒక్కటే మిగిలింది."

సైమన్ మౌత్‌పీసు అతని చేతిలోనే పెట్టి చూపించాడు పెద్దాయన. "ఇదిగో, లోపల చూడు. సందు. దీనిలో చూడు... గుండ్రంగా ఇంత గది. పాత వాయిద్యం ఊపిరికి చోటు అడుగుతుంది. చోటివ్వకపోతే పైకి తన్నుకుపోతుంది. అంతేగాని నీ తప్పూ లేదు, దాని తప్పూ లేదు. ఇంతమాట చెబుదామని పిలిస్తే, నిన్న ఆ పరుగేమిటయ్యా!"

సైమన్ సాక్సు నోట పెట్టుకున్నాడు. కింది 'సా' నుంచి మెట్టు మెట్టుగా ఎక్కాడు. పై 'సా' దగ్గర భయపడి కళ్లు మూసుకున్నాడు.

పనసపండే. మొదటి తొన నుంచి చివరి తొన దాకా.

బయటినుంచి క్రాంతికుమార్ ముఖ్యమైన ఫోను కాలు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఫోను ముందుకు చాపాడు. సూది నిటారుగా నిలబడింది. ఫోను దులిపి మళ్లీ పెట్టాడు. మళ్లీ నిలబడింది.

"సూదేటి సెప్తన్నాదిరా?" అంది గ్లోరీ.

క్రాంతికుమార్‌కి ఫోను ఛార్జింగు గుర్తొచ్చింది.

ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగాయి. పాస్టరుగారు చెయ్యి ఎత్తారు. సైమన్ మొదటి కీర్తన ఎత్తుకున్నాడు. పిల్లల్ని గదమాయిస్తున్న తల్లులు మాట ఆపేశారు. నిరుడు తల్లిని పాతిపెట్టిన ఒకతను సిలువ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. రెండో చరణానికి క్రాంతికుమార్ కీబోర్డు కలపాలి. కలపలేదు. వేళ్లు ఎత్తిపెట్టి వింటూ ఉండిపోయాడు. గోడ బయట, చేతిలో పాలప్యాకెట్టుతో ఒక పెద్దాయన చాలాసేపు చెప్పు సరిచేసుకుంటూ నిలబడ్డాడు.

కీర్తన అయ్యాక పాస్టరుగారు సైమన్ భుజం తట్టి, "మా ప్రార్థనల ఫలితం" అన్నారు. పక్కింటివాళ్లు కూడా అదే అన్నారు. సైమన్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. వేదవతిగారి చెవిన పడనివ్వనని శుక్రవారమే పంతులుగారికి మాట ఇచ్చాడు కదా.

ఆ సాయంత్రం మౌత్‌పీసు తిరిగి ఇచ్చేద్దామని ఒక్కడే ఫ్యాక్టరీకి వెళ్లాడు. ఈసారి బండి లైటు వేసుకునే వెళ్లాడు. ఈల కూడా వేసుకుంటూ వెళ్లాడు.

"ఉంచుకో. నా సాక్సు ఎలాగూ లేదు" అన్నాడు చలపతిరావు. ముఖం వెలిగిపోతోంది. "పద్నాలుగేళ్లయింది నాయనా, పక్కన ఇంకో వాయిద్యం విని. కూర్చో. నువ్వు 'సా' పట్టు, నేను 'పా' పడతాను. ఒక తమాషా చూపిస్తాను."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. సైమన్ 'సా' పట్టాడు. చలపతిరావు 'పా' కలిపాడు. మొదట రెండూ ఒరుసుకుని గరగరలాడాయి. పెద్దాయన కనుబొమ్మ ఎగరేశాడు. సైమన్ పెదవి వెంట్రుకవాసి వదులు చేశాడు. గరగర సాగి... సాగి... మాయమైంది.

అప్పుడు వినబడింది. రెండు గొంతుల అడుగున మూడో గొంతు. లోతుగా, మెత్తగా, నేలలోంచి వచ్చినట్టు.

సైమన్ కళ్లు పెద్దవి చేసుకుని, సాక్సు వదిలేయబోయాడు. పెద్దాయన చెయ్యి ఊపి ఆపాడు. ఇద్దరూ ఒక్కసారి విడిచారు. మూడోదీ ఆగిపోయింది.

"హడలిపోయావా?" చలపతిరావు పకపకా నవ్వాడు. "ఏమీ లేదు. రెండు శృతులు అచ్చంగా కలిస్తే అడుగున మూడోది వినిపిస్తుంది. చెవి చేసే మాయ. మనం ఊదినంతసేపే అది ఉంటుంది. మనం ఆపితే అదీ పోతుంది. ఇలాంటివి తెలియకే జనం దెయ్యాలంటారు."

సైమన్ కూడా నవ్వాడు. మూడు రోజుల్లో ఎంత తెలివి వచ్చింది తనకి! రేపు టీ కొట్టు దగ్గర దొరసాని కథ ఎత్తితే ఎలా నవ్వాలో కూడా అనుకున్నాడు.

"ఇంకోసారి పడదామండీ."

పట్టారు. ఈసారి ఒరుసుకోలేదు, ఎత్తుకోగానే కలిసింది. అడుగున మూడోది లేచింది. ఇందాకటికంటే నిండుగా, ఇందాకటికంటే దగ్గరగా... ఊపిరి అయిపోయేదాకా ఇద్దరూ ఊదారు. పెద్దాయన తల ఊపాడు. ఇద్దరూ ఒక్కసారి విడిచారు.

సాక్సు ఆగింది. క్లారినెట్టు ఆగింది.

మూడోది ఆగలేదు.

సైమన్ పెద్దాయన ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో నవ్వు ఉంది కానీ, తీసేయడం మరిచిపోయినట్టుంది.

"గాలి..." అన్నాడు చలపతిరావు, పెదవులు మాత్రం కదిపి. "గొట్టాల్లో... గాలి దూరింది..."

జీడాకు కదలడం లేదు.

ఆ గొంతు సాగుతూ... సాగుతూ... మెల్లగా సన్నగిల్లి, ఆగింది.

హమ్మయ్య అనుకోబోయాడు సైమన్.

చీకట్లో, వాళ్లిద్దరి మధ్య, ఎవరో నిండుగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు.

మళ్లీ ఎత్తుకుంది.